అద్దె కట్టకుండా పెద్దపేగులో కాపురముంటున్న వారికి

పెద్దపేగు గోడకు పుట్టే చిన్నచిన్న సంచీలైన మహారాజశ్రీ డైవర్టిక్యులా వారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని వేరే అడగక్కర్లేదు. తమరిలో చాలామంది ఇంటి యజమానికి ఉనికైనా తెలియకుండా, చడీచప్పుడు లేకుండా జన్మంతా గడిపేస్తారు. చిక్కల్లా రిపోర్టుతోనే. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష మొదలుపెట్టమంటున్నారు. డాలస్‌లో ఉన్న అల్లుడుగారు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పెట్టి చూసే పరీక్ష) చేయించుకుని, పాలిప్‌లు (ముందుముందు క్యాన్సర్‌గా మారగల చిన్న గడ్డలు) లేవని ఊపిరి పీల్చుకునేలోపే కింది లైనులో తమరి పేరు ప్రత్యక్షం. ఆ రాత్రికే గుంటూరులో అత్తగారికి కబురు: "అబ్బాయి పేగుకి చిల్లులట!" మొక్కులు మొదలు.

చిల్లులేమీ లేవు. పేగుగోడలోని కండరాన్ని తొలుచుకుంటూ రక్తనాళాలు లోపలికి వచ్చేచోట గోడ కాస్త బలహీనంగా ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు మెత్తటి లోపలిపొర ఆ సందులోంచి బయటికి ఉబికి చిన్న సంచీ అవుతుంది. అదే తమరు. కొలత చూస్తే మామూలుగా 5 నుంచి 10 మిల్లీమీటర్లు. స్థలం ఎంచుకోవడంలో మాత్రం రియల్ ఎస్టేట్ వాళ్లు తమరి దగ్గర పాఠాలు నేర్చుకోవాలి. పెద్దపేగులో అన్నిటికన్నా సన్నటి భాగం ఎడమవైపు కిందనుండే సిగ్మాయిడ్. గొట్టం సన్నమయ్యేకొద్దీ ఒత్తిడి ఎక్కువ కాబట్టి తమరి మకాం అక్కడే. దాని కిందే ఉన్న పురీషనాళం గడప మాత్రం తొక్కరు. మిగతా పేగు పొడవునా మూడు పట్టీలుగా ఉండే నిలువు కండరం అక్కడికొచ్చేసరికి చుట్టూ పూర్తిగా కమ్ముకుంటుంది. సందు దొరకని గోడతో తమరికేం పని?

తమరి జనాభా లెక్కలూ చూశాం. పాశ్చాత్య దేశాల్లో 40 ఏళ్లలోపు వాళ్లలో నూటికి పదిమందిలోపే తమరికి ఆశ్రయమిస్తారు. అరవై దాటేసరికి ఇంచుమించు సగం మంది, ఎనభై దాటితే మూడింట రెండు వంతుల దాకా. నెరిసిన జుట్టునెవరూ జబ్బనరు. ఇంత మామూలైన తమరికి మాత్రం ప్రతి రిపోర్టులోనూ ప్రత్యేక ప్రస్తావన! పైగా తమరి ఉనికి పరీక్ష చేసి చూస్తేనే తెలిసేది. 45 ఏళ్లు రాగానే కొలనోస్కోపీ చేయించుకునే అలవాటు లేని మన ఊళ్లలో తమరు రేషన్ కార్డుకెక్కని జనాభా.

వాస్తు పట్టింపు కూడా తమరికి బాగానే ఉంది. యూరప్, అమెరికాల్లో నూటికి తొంభై మందికి పైగా ఎడమవైపే కనిపిస్తారు. జపాన్, కొరియాల్లో ఎక్కువగా కుడివైపు. హవాయి వెళ్లి స్థిరపడిన జపాన్‌వాళ్ల తిండి మారింది, తమరి సంఖ్యా పెరిగింది, అయినా కుడివైపు మాత్రం వదల్లేదు. తిండొక్కటే తమరిని పుట్టిస్తోందనేవాళ్లకు ఇది మింగుడుపడదు. కవలల మీద చేసిన పరిశోధనల్లో వంశపారంపర్యం వాటా ఇంచుమించు సగమని తేలింది.

తిండి మీద కేసు పెట్టినవాళ్లు మాత్రం ఆషామాషీ మనుషులు కాదు. పెయింటర్, బర్కిట్ అనే డాక్టర్లు 1971లో, పీచు తీసేసిన నాగరికతే తమరి తల్లి అని తేల్చారు. బర్కిట్ ఉగాండాలో ఏళ్ల తరబడి పనిచేసినవాడు. ఆ మాట నలభయ్యేళ్లు వేదవాక్కు. 2012లో అమెరికాలో కొలనోస్కోపీ చేయించుకున్న రెండువేల మందిని పరిశీలిస్తే, పీచు బాగా తినేవాళ్లలోనూ తమరు హాయిగా కూర్చుని ఉన్నారు! మలబద్ధకం మీద వేసిన నిందా నిలబడలేదు. అలాగని తోటకూర, జొన్నరొట్టె పక్కన పెట్టేయమని కాదు. బ్రిటన్‌లో నలభయ్యేడు వేల మందిని గమనించినప్పుడు, శాకాహారులూ పీచు ఎక్కువ తినేవాళ్లూ తమరి మూలంగా ఆసుపత్రి పాలవడం తక్కువని తేలింది. అంటే తమరి రాకను ఆపుతుందో లేదో గానీ, తమరి అల్లరిని మాత్రం పీచు తగ్గిస్తుంది.

ఇక గింజల గొడవ. జామకాయ గింజ వెళ్లి తమరి సంచీలో ఇరుక్కుంటుందని, టమాటా, నువ్వులు, వేరుశనగ అన్నీ మాన్పించి మనుషులను పత్యం కూటికి దింపారు. 2008లో వెలువడిన అమెరికా పరిశోధనలో 47,228 మంది మగవాళ్లను 18 ఏళ్లు గమనిస్తే, బాదం, వేరుశనగ లాంటి గింజలూ పాప్‌కార్నూ ఎక్కువ తిన్నవాళ్లకే తమరి వాపు తక్కువగా వచ్చింది. అంతకాలం జామకాయ మీద పడ్డ అపవాదుకు తమరు ఒక్కసారైనా క్షమాపణ చెప్పారా?

తమరు వాచిపోతే దాన్ని డైవర్టిక్యులైటిస్ అంటారు. పాత పుస్తకాలు నలుగురిలో ఒకరికి వస్తుందని కూడా భయపెట్టాయి. ఇప్పటి లెక్క నూటికి అయిదుగురిలోపే. ఎడమవైపు పొత్తికడుపులో నొప్పి, జ్వరం. కుడివైపు వాళ్లు వాచారో, అపెండిక్స్ వేషం కట్టి సర్జన్లనే బోల్తా కొట్టిస్తారు. ఆ సమయంలో చూడాల్సింది సీటీ స్కాన్‌తో. కొలనోస్కోపీ అంటే లోపలికి గాలి కొట్టడం. వాచిన గోడ చిరిగితే, అత్తగారి చిల్లు నిజమే అవుతుంది. కొలనోస్కోపీ చేయాల్సింది ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, తమరి వెనక క్యాన్సరేమైనా దాక్కుందేమో చూడటానికి.

తమరిని రెచ్చగొట్టేవాళ్ల జాబితాలో బొజ్జ, సిగరెట్, వేటమాంసం ఉన్నాయి. అన్నిటికన్నా మాకు కోపం తెప్పించేది మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫెనాక్. వాపుతోపాటు రక్తస్రావానికీ అదే దారి చూపిస్తుంది. ఆ రక్తం వచ్చేది నొప్పీ గిప్పీ లేకుండా, ఒక్కసారిగా, టాయిలెట్ అంతా ఎర్రగా. చాలాసార్లు దానంతటదే ఆగుతుంది. ఆగుతుందిలే అని మంచినీళ్లు తాగి పడుకునే పెద్దాయన గుండె స్టెంట్ కోసం రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నాడనుకోండి, అంత తేలిగ్గా ఆగదు. తిన్నగా ఆసుపత్రికి పోవాలి. పోకుండా డాక్టరునడగకుండా ఆ మాత్రలు తనంతట తానే ఆపేసి, ఆ స్టెంట్ కాస్తా మూసుకుపోతే, ఆ పాపం కూడా తమరి ఖాతాలోనే రాస్తారు.

ఇట్లు,
తమరి ఫొటోలు రోజూ తీసే ఎండోస్కోపీ గది సిబ్బంది