అందరికీ చోటిచ్చే ఆక్టల్ సాకెట్ గారికి

మహారాజశ్రీ ఆక్టల్ సాకెట్ గారి సముఖానికి,

బరంపురం నుంచి మీ గిటారు వాయించేవాడు, తమరి ఎనిమిది కన్నాల్లో తన యాంప్ వాల్వుల కాళ్ళు గుచ్చుకునేవాడు, రాసుకున్న విన్నపాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టమని మా తాతగారు నేర్పారు. మీరు కుశలమే. ఇందాకే టార్చి వేసి చూశాను, ఎనిమిది కన్నాలూ చెక్కుచెదరలేదు. నా సంగతంటారా, నా యాంప్‌లో మోత పుట్టించే గాజు వాల్వులు, 6వి6లు రెండూ, మొన్న రాత్రి మా ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్ర పందిట్లో, మూడో పాట రెండో చరణంలో, వీధి వీధంతా చూస్తుండగా పోయాయి.

తమరు సామాన్యులు కారు. 1935లో లోకానికి వచ్చినవారు. వాల్వు అడుగున బొడ్డు, ఆ బొడ్డుకో గట్టు, ఆ గట్టు పడ్డానికి మీ నడుమ ఒక గాడి. చీకట్లో తడుముకుంటూ తిప్పినా సరైన చోటికి రాగానే టక్కున దిగుతుంది. ఒక కాలు ఇంకో కన్నంలో పెట్టనివ్వరు. అక్కడ ఎంత పట్టింపు! మరి వచ్చినవాడెవడు, ఎంత తింటాడు, వాడి వల్ల ఇంట్లో మిగతావాళ్ళ గతేమిటి, ఇవేవీ అడగరు. సత్రం గుమాస్తా అయినా పేరూ ఊరూ రాసుకుంటాడండీ.

నాది ఫెండర్ వారి పాత ట్వీడ్ డీలక్స్ 5ఈ3 నమూనాలో కట్టిన యాంప్. జత 6వి6లు, ముందు రెండు చిన్నవి, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్‌కి ఒక 5వై3. ఆ 5వై3 చచ్చింది. ఫోన్లో పెద్ద ఊరి దుకాణదారుణ్ణి అడిగితే జీజెడ్34 పంపాడు. "అదీ ఆక్టలే సార్, హీటరు కూడా సరిపోతుంది, కళ్ళు మూసుకుని పెట్టేయండి" అన్నాడు. హీటరు, అంటే వాల్వుని లోపల్నుంచి వేడిచేసే తీగ, దాని విషయంలో అబద్ధం చెప్పలేదు. రెండింటికీ 5 వోల్టులే. 5వై3 తినేది 2 యాంపులు, ఇది 1.9. కళ్ళు మూసుకునే పెట్టాను. మీరూ కళ్ళు మూసుకునే పుచ్చుకున్నారు.

మా ఇళ్ళల్లో సంబంధం కుదరాలంటే అష్టకూటాలు చూస్తారు. వర్ణం దగ్గర్నుంచి నాడి దాకా ఎనిమిది, మొత్తం 36 గుణాలు. మీకున్నవీ ఎనిమిదే. మిగతా ఏడూ కలిసినా నాడీ దోషం ఉంటే మా అమ్మమ్మ జాతకం మడిచి వెనక్కి ఇచ్చేసేది. తమరు మాత్రం ఎనిమిది కాళ్ళూ దిగాయి కదా, ముహూర్తం పెట్టించేయండి అంటారు. ఆ మాటకొస్తే రెక్టిఫయర్‌కి పనికొచ్చేవి నాలుగు కాళ్ళే, 2, 4, 6, 8. మిగతా నాలుగూ పెళ్ళివారి వెంట వచ్చిన బాపతు.

నాడి ఎక్కడ తప్పిందో చెబుతాను వినండి. 5వై3 మధ్యలో కమీషన్ తినే రకం. పూర్తి లోడు మీద, అంటే 125 మిల్లీయాంపుల దగ్గర, 50, 60 వోల్టులు దాని పొట్టలోకే పోతాయి. జీజెడ్34 నిప్పులాంటి మనిషి, 225 మిల్లీయాంపులు లాగినా తీసుకునేది 17 వోల్టుల ప్రాంతం. ఈ యాంప్‌ని లెక్క కట్టినవాళ్ళు ఆ కమీషన్‌ని కూడా కలుపుకునే కట్టారు. నిజాయితీపరుడు డ్యూటీలో చేరగానే కొంప అంటుకున్నది నా ఇంట్లోనేనేమో!

మొదటి పాటకి ఎంత బాగా మోగిందో! బాస్ బిగుసుకుంది, మోత పెరిగింది. గట్టిగా మీటితే కాస్త కుంగి మళ్ళీ లేచే ఆ మెత్తదనం పోయింది. దానికోసమే కదా ఈ పాత నమూనా కొనుక్కున్నది. అయినా జనం ఈలలేస్తుంటే ఎవడికి పడుతుంది? పైగా పందిట్లో కరెంటు లైను 248 వోల్టులు చూపిస్తోంది. నా ట్రాన్స్‌ఫార్మర్ 230కి చుట్టినది. అంటే 6.3 ఉండాల్సిన 6వి6ల హీటరు దగ్గర 6.8. మూడో పాటలో మా డోలక్ కుర్రాడు సైగ చేశాడు. వెనక్కి తిరిగితే ఎడమవైపు 6వి6 లోపలి బూడిదరంగు రేకు నడిమధ్య ఎర్ర మచ్చ. రూపాయి బిళ్ళంత. బూడిద కింద బొగ్గు రాజుకున్నట్టు నేను చూస్తుండగానే అంచుల దాకా పాకింది. కుడివైపుది దాని వెనకే. స్విచ్చు దగ్గరికి చెయ్యి వెళ్ళేలోపు బుర్రుమని ఒక చప్పుడు, తర్వాత ఏమీ లేదు. మిగతా కార్యక్రమమంతా కాసియో మీద గడిచింది.

ఇవాళ మధ్యాహ్నమంతా మీ సేవలోనే. విడి జత 6వి6లు పెట్టి, షాకు భయంతో ఒక చెయ్యి జేబులో దోపుకుని, అర నిమిషం చొప్పున కొలిచాను. జీజెడ్34తో ప్లేటు మీద, అంటే ఎర్రబడ్డ ఆ రేకు మీద, 392 వోల్టులు. రెండు 6వి6ల కరెంటూ కలిసి పోయే 250 ఓముల కాథోడ్ రెసిస్టరు మీద 27. అంటే 108 మిల్లీయాంపులు, తలా 54. స్క్రీన్ అనే లోపలి జాలీ వాటా తీసేసి 50 అనుకున్నా, కాథోడ్ వోల్టులు పోగా 365తో గుణిస్తే 18 వాట్లు దాటింది. 6వి6 ఓర్చుకోగలిగేది 14, పాత పుస్తకాలైతే 12 అంటాయి. 5వై3 పెడితే ప్లేటు మీద 350, రెసిస్టరు మీద 22. లెక్క 13 చిల్లర దగ్గర ఆగింది. ఒక్క వాల్వు తేడా, వాల్వుకి అయిదు వాట్లు! ఇంత లెక్కా కార్యక్రమానికి ముందే కట్టొచ్చు కదా అంటారా? అనండి, అనే హక్కు మీకుంది. ఉన్న ఒకే ఒక్క హక్కు అదే.

ఆ 5వై3 ఇచ్చింది మా రేడియో మావయ్య. బిస్కట్ల డబ్బాలో వెతికి, ఎప్పుడో టెంట్ హౌస్ మైకుసెట్టులోంచి పీకిందట, తుడిచి చేతిలో పెట్టాడు. ఇస్తూ ఊరుకున్నాడా? "దూరింది కదా అని దూర్చీసినావేటి అల్లుడూ? వీధికుక్క కూడా దూరతాది మనింట్లోకి. అన్నం పెట్టి పడకేస్తామేటి?"

ఇక మర్యాదలు చాలు. ఒరే సాకెట్టూ, 5యూ4 అనే ఇంకో రెక్టిఫయర్ వస్తే? అది 3 యాంపులు తింటుంది, 2 యాంపులకి చుట్టిన వైండింగు నెమ్మదిగా ఉడుకుతుంది. నువ్వు రమ్మంటావు. 6వి6 చోట ఈఎల్34 అనే పెద్ద వాల్వు పెడితే? 0.45 యాంపుల హీటరు బదులు 1.5. దాన్నీ రమ్మంటావు. అసలు రెక్టిఫయర్‌ని తెచ్చి 6వి6 స్థానంలో గుచ్చినా కిమ్మనవు. కాదనే ఒక్క మాట నీ నోట రాదా? ఎనిమిది నోళ్ళున్నాయి కదరా! నా మూడు ప్రోగ్రాముల డబ్బు రెండు గాజు బుడ్లలో కాలిపోయింది, నువ్వేమో కొత్తపెళ్ళికొడుకులా మెరుస్తున్నావు. నీ తమ్ముడు ఆ తొమ్మిది కాళ్ళవాడూ ఇంతే, 12ఏఎక్స్7 అనే చిన్న వాల్వు చోట ఈఎల్84 అనే పవర్ వాల్వు కూడా దిగుతుంది. కాకపోతే వాడి దగ్గర 12ఏఎక్స్7కి 12ఏవై7 మార్చుకుంటే గెయిను, అంటే సిగ్నల్‌ని పెంచే శక్తి, తగ్గుతుంది, అంతే. 100కి బదులు 44. ఆ పాటి మార్పుకి కొంపలు అంటుకోవు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రాత్రి అంత వేడిలోనూ నీ పట్టు సడలలేదు. స్పార్కు లేదు, మసి లేదు. వాల్వు పీకుతుంటే వేలు నొప్పెట్టేంత గట్టిగా పట్టుకునే ఉన్నావు.

అందుకే తీసి పారేయలేదు. తెల్లటి ప్లాస్టరు చింపి నీ పక్కనే అంటించాను. బ్రహ్మ నీ నుదుట రాయడం మరిచిపోయింది నేను మార్కరుతో రాశాను: "5వై3 మాత్రమే." కింద ఒడియాలో కూడా రాశాను, మా రిథమ్ గిటారు వాడి కోసం. ఈ యాంప్ వచ్చే శనివారం వాడే పట్టుకెళ్తున్నాడు.

ఇట్లు,
చెయ్యి ఇంకా జేబులోనే ఉన్న
మీ విధేయుడు