పోలీసులపై ఫిర్యాదు మళ్లీ పోలీసుల చేతికే

స్టేషన్‌లో కొట్టారని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే, సాధారణంగా దానికో నంబరు పడుతుంది, జిల్లా ఎస్పీని నివేదిక అడుగుతారు. ఎస్పీ దాన్ని డీఎస్పీకి, డీఎస్పీ సీఐకి పంపుతారు. ఏ స్టేషన్‌పై ఫిర్యాదు వచ్చిందో దాని పై సర్కిల్ అధికారే చాలాసార్లు జవాబు రాస్తారు. ‘ఆరోపణలు నిరాధారం’ అన్న ముక్క అదే దారిలో పైకి చేరుతుంది. అభ్యంతరాలుంటే చెప్పమని ఫిర్యాదుదారుకు నకలు వస్తుంది. లాయరును పెట్టుకోలేని మనిషి ఎక్కువగా అక్కడే ఆగిపోతాడు.

కమిషన్ కుర్చీలో విశ్రాంత న్యాయమూర్తి ఉన్నారా లేదా అని మనం చూస్తాం. ఊళ్లోకి వచ్చి సాక్షులను అడిగేదెవరో చూడం. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఐజీ స్థాయికి తగ్గని అధికారి కింద దర్యాప్తు సిబ్బందిని సమకూర్చాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే. డెప్యుటేషన్‌పై వచ్చిన ఇన్‌స్పెక్టర్ రేపు పోస్టింగ్ కోసం మళ్లీ పోలీసు శాఖ గుమ్మంలోనే నిలబడాలి. అలాంటి మనిషి నుంచి ఎంత తెగువ ఆశిస్తాం?

సుప్రీంకోర్టు ఈ చిక్కును గుర్తించింది. పోలీసు సంస్కరణలపై ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న ఇచ్చిన తీర్పు, పోలీసులపై ఫిర్యాదులు విచారించే పోలీస్ కంప్లైంట్స్ అథారిటీలు పెట్టమంది. డీఎస్పీ స్థాయి వరకు జిల్లా అథారిటీ, ఎస్పీ, ఆపై అధికారులకు రాష్ట్ర అథారిటీ. క్షేత్ర విచారణకు సీఐడీ, ఇంటెలిజెన్స్, విజిలెన్స్‌లలో పనిచేసి రిటైరైన దర్యాప్తు అధికారులను వాడుకోవచ్చని, అథారిటీ సిఫార్సు శాఖాపరమైన చర్య అయినా క్రిమినల్ కేసు అయినా అమలు చేసి తీరాలని చెప్పింది. కొన్ని రాష్ట్రాలు సర్వీసులో ఉన్న అధికారులనే సభ్యులుగా కూర్చోబెట్టాయి, ‘తీరాలి’ని ‘పరిశీలించవచ్చు’గా నీరుగార్చాయి. బోర్డు మిగిలింది, పని పోయింది.

ఖాళీల సంగతి మరీ ఘోరం. తెలంగాణ మానవ హక్కుల కమిషన్ చైర్మన్ పదవి 2022 డిసెంబరులో ఖాళీ అయితే మళ్లీ భర్తీ అయ్యింది 2025లో. సంఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేయకూడదని ఆ 1993 చట్టమే 36వ సెక్షన్‌లో అంటుంది. ఖాళీ కాలం ఆ గడువుకు రెట్టింపు. ఫిర్యాదును కొట్టేయకుండానే చంపేయడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

అయినా బాధితుడి చేతిలో ఒక గట్టి ఆధారం ఉంది. మనవాళ్లు దాన్ని సరిగా వాడుకోవడం లేదు. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్‌లు, వరండాలు, ఇన్‌స్పెక్టర్, ఎస్సై గదులు అన్నింటా కెమెరాలు ఉండాలంది. రాత్రిపూట కూడా కనబడాలి, మాట కూడా రికార్డవ్వాలి. నిల్వ 18 నెలలు, అంత సామర్థ్యమున్న పరికరం దొరక్కపోతే కనీసం ఏడాది. స్టేషన్లో బతికే సాక్షి ఇదొక్కటే, కానీ దాని తాళం చెవి స్టేషన్ బాధ్యుడైన అధికారి (ఎస్‌హెచ్‌ఓ) దగ్గరే ఉంది. నిర్వహణ, బ్యాకప్, మరమ్మతు బాధ్యతలన్నీ ఆయనవే. అందుకే ఫుటేజీ అడిగిన ప్రతిసారీ ‘ఆ రోజు కెమెరా పనిచేయలేదు’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఆ జవాబుకు విరుగుడు కూడా ఆ తీర్పులోనే ఉంది. కెమెరాలు పనిచేయని కాలంలో ఎవరెవరిని అరెస్టు చేశారో, ఎవరిని ప్రశ్నించారో ఎస్‌హెచ్‌ఓ జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీకి తెలిపి, ఆ రికార్డు పంపాలి. ఆ కమిటీలో కలెక్టరు, ఎస్పీ, స్థానిక సంస్థ ప్రతినిధి ఉంటారు. కెమెరా చెడిపోయిందంటే ఈ లేఖ ఉండి తీరాలి. లేకపోతే ఆ జవాబైనా అబద్ధం, లేదా కోర్టు ఆదేశం ఉల్లంఘన. రెండూ కాకుండా తప్పించుకునే సందు లేదు.

ఇక 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు చనిపోయిన ఎన్‌కౌంటర్. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ ఎస్పీల నివేదికలతో సరిపెట్టుకోకుండా సాక్షులను స్వయంగా విచారించింది. 10 మంది పోలీసులపై హత్య నేరం కింద విచారణ జరపాలంది. స్వతంత్రంగా తవ్వితే ఏం బయటపడుతుందో దీనితో తేలింది. అయితే కేసు పెట్టే అధికారం ఆ కమిషన్‌కు లేదు. సుప్రీంకోర్టు 2022 మేలో ఆ నివేదికను హైకోర్టుకు పంపింది. అంతటి విచారణ ప్రతి ఫిర్యాదుకూ కుదరదు, కానీ సొంత దర్యాప్తు బృందం కుదురుతుంది.

అంతవరకూ ఫిర్యాదు రాసేవాళ్లు మొదటి వారంలోనే మూడు పనులు చేయాలి. ప్రభుత్వ వైద్యుడి దగ్గర గాయాల సర్టిఫికెట్ తీసుకోవాలి. తేదీ, గంట, గది పేరు రాసి ఫుటేజీ భద్రపరచమని ఎస్పీకి, మానవ హక్కుల కమిషన్‌కు రిజిస్టర్డ్ పోస్టులో లేఖలు పంపాలి. కెమెరా పనిచేయలేదని జవాబు వస్తే, జిల్లా కమిటీకి ఎస్‌హెచ్‌ఓ రాసిన లేఖ నకలు ఇవ్వమని కలెక్టరేట్‌లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి.