ఉప్పల్ దాకా బస్సు పోతది, బౌలరే పోడు

హన్మకొండలో బస్సెక్కితే ఉప్పల్ 140 కిలోమీటర్ల లోపే. జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ దాటాక హైదరాబాద్‌లో ముందు తగిలేది ఉప్పలే. క్రికెట్ స్టేడియం ఉన్నదీ అక్కడే. ఇంత సాఫీ రోడ్డున్నా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో వేగంగా బంతి వేసే పిల్లగాడు దేశవాళీ క్రికెట్‌లో పెద్ద పోటీ అయిన రంజీ ట్రోఫీకి చేరలేకపోతున్నాడంటే, తప్పు పిల్లగాడిదే అయ్యుండాలి. నిష్పక్షపాతంగా విచారిద్దాం.

మనవాడి మొదటి విద్యాలయం గల్లీ. అక్కడ మొదటి బంతి ట్రయల్, వికెట్ పడ్డా లెక్కకు రాదు. అతని ఖాతాలోని వికెట్లలో సగం వన్ టిప్ వన్ హ్యాండ్‌వి (బంతి ఒకసారి నేలకు తగిలాక ఒంటిచేత్తో పట్టినవి), మిగతా సగం బ్యాట్స్‌మన్ గోడ అవతలికి కొట్టి ఔటైనవి. సిక్సర్ కొట్టించుకుని వికెట్ తీసే ఈ విద్యకు పై స్థాయిలో ఇంకా గుర్తింపు రాలేదు. బంతి వేసేటప్పుడు మోచేయి 15 డిగ్రీలకు మించి సాగకూడదని అంతర్జాతీయ నియమం. గల్లీలో డిగ్రీలు కొలవరు. మనోడు వేస్తే ఫాస్ట్, అవతలోడు వేస్తే బట్టా, అంటే విసురుడు. ఈ తీర్పు చెప్పే అంపైర్ బ్యాటింగ్ జట్టువాడే, తన వంతు వచ్చేదాకా.

తర్వాత పైచదువు: దసరాకు, సంక్రాంతికి జరిగే టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు. ఫ్లెక్సీ మీద నాయకుడి ముఖం సైట్ స్క్రీన్ అంత, కప్పు బొమ్మ కోడిగుడ్డంత. జట్టుకు పేర్లు, నంబర్లు వేసిన జెర్సీలు ముందే వస్తాయి. కిట్ బ్యాగులో తోలు బంతి మాత్రం ఒక్కటీ ఉండదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఎనిమిది ఓవర్ల మ్యాచ్‌లో బౌలర్‌కు దక్కేవి రెండు ఓవర్లు, అంటే 12 బంతులు. రంజీలో రోజుకు 90 ఓవర్లు పడాలి. నలుగురైదుగురు పంచుకున్నా ఒక్కొక్కరికి 20 దాకా వస్తాయి. పన్నెండు బంతులకు తయారైన నడుము నూట ఇరవై మోయాలి. పైగా పేస్ బౌలర్ ముందు కాలు నేలను తాకినప్పుడు ఒంటి బరువుకు ఐదారు రెట్ల భారం ఆ కాలి మీద పడుతుంది. కింది వెన్నెముకలో సన్నని పగుళ్లు మొదలయ్యేది ఇలాంటి చోటే. ఆదివారం మాత్రమే బౌలింగ్ చేసేవాడికి ఈ సంగతి సోమవారం తెలుస్తుంది.

అసలు చిక్కు బంతిది. టెన్నిస్ బంతి 58 గ్రాముల చిల్లర. తోలు బంతి 156 నుంచి 163 గ్రాములు, దగ్గర దగ్గర రెండు ముప్పావు రెట్లు. మన గ్రౌండ్లలో టెన్నిస్ బంతికి బొచ్చు ఊడి, మోరీలో రెండు మునకలు వేశాక గానీ అసలు రూపం రాదు. సగానికి ఇన్సులేషన్ టేప్ చుడితే వద్దన్నా తిరుగుతుంది. ఆ తిరుగుడు టేప్ మహిమ, మణికట్టుది కాదు. తోలు బంతికి ఎవరూ టేప్ వేసి ఇవ్వరు. సీమ్‌కు, అంటే బంతి నడుమ కుట్టుకు, అటూ ఇటూ చూపుడువేలు, నడిమివేలు ఉండాలి, బొటనవేలు కింద సీమ్ మీదే ఆనాలి. బ్యాట్స్‌మన్‌కు దూరంగా గాలిలో తిరిగే ఔట్‌స్వింగర్‌కు సీమ్ మొదటి స్లిప్ (కీపర్ పక్కన నిలబడే ఫీల్డర్) వైపు చూడాలి, వదిలేటప్పుడు మణికట్టు బంతి వెనకే నిలబడాలి. మణికట్టు కాస్త పక్కకు వాలిందా, సీమ్ గాలిలో గిలగిలా ఊగి బంతి తిన్నగా బ్యాట్ మీదికే పోతుంది. ఒక వైపే నున్నగా రుద్దుకోవాలి, అదీ చెమటతోనే. మనవాడు రెండు వైపులా ప్యాంటుకు సమానంగా రుద్దుతాడు. సామాజిక న్యాయం.

లెంగ్త్, అంటే బంతి ఎక్కడ పడాలన్న సంగతి మరీ. టెన్నిస్ బంతిని సగం పిచ్‌లో గుద్దితే తలదాకా లేస్తుంది, ఊరంతా విజిలేస్తుంది. టర్ఫ్ (గడ్డి పెంచి చదును చేసిన మట్టి పిచ్) మీద ఆ బంతి బ్యాట్స్‌మన్ నడుము దగ్గరికి వచ్చి, కొట్టమని కూర్చుంటుంది. అక్కడ వేయాల్సింది స్టంప్స్‌కు ఆరు నుంచి ఎనిమిది మీటర్ల ముందు. కానీ మన జిల్లాల్లో తోలు బంతి దొరికినా సిమెంటు మీదో మొరం మీదో పరిచిన మ్యాట్ పైనే ఆట. మ్యాట్ మీద బంతి ఎక్కువ లేస్తుంది, కట్టర్ (నేలను తాకి పక్కకు మళ్లే బంతి) కొరికినట్టు తిరుగుతుంది. ఆ తిరుగుడు చూసి మురిసినవాడు టర్ఫ్ మీద అదే బంతి వేసి, అది ఎందుకు తిరగలేదని బూట్లు చూసుకుంటాడు. చూడాల్సినవీ అవే. మ్యాట్ చిరుగుతుందని రబ్బరు అడుగు బూట్లతోనే పెరిగాడు, స్పైక్స్ (మేకుల బూట్లు) వేసుకుంటే రన్నప్, అంటే బంతి వేసే ముందు తీసే పరుగు, మారిపోతుంది. మారిన రన్నప్‌ను క్రీజు నుంచి వెనక్కి పరుగెత్తి, కాలు పడిన చోట ఇంకొకరితో గుర్తు పెట్టించుకుని, అడుగులతో కొలుచుకోవాలి. మనవాడి గుర్తు ఒక ఇటుక ముక్క. దాన్ని సాయంత్రం ఎవరో వికెట్‌గా వాడుకుంటారు.

ఇవన్నీ దాటినవాడికి మెట్లు సిద్ధంగా ఉన్నాయి: 16 ఏళ్లలోపు విజయ్ మర్చంట్ ట్రోఫీ, 19లోపు కూచ్ బెహార్, 23లోపు కల్నల్ సి.కె. నాయుడు, ఆపైన రంజీ. మొదటి మెట్టు దగ్గరే ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. బడిలో చేర్పించిన నాడు సారు రాసుకున్న జూన్ పుట్టినరోజును ఎముక ఒప్పుకోదు. ఎముకలకు మొహమాటం తక్కువ.

ఇక ట్రయల్స్‌కు కబురు అందాలి. అది రాత్రి వాట్సాప్‌లో వచ్చి, పొద్దున ఏడింటికల్లా ఒరిజినల్ సర్టిఫికెట్లతో గ్రౌండ్‌లో ఉండమంటుంది. ప్రాక్టీస్ నెట్స్‌లో దక్కేవి కొన్ని బంతులే. మొదటిది వైడ్ పోతే మనవాడు అలవాటుగా "ట్రయల్ బాల్ అన్నా" అంటాడు.

"సిరాజ్ టెన్నిస్ బాల్ నుంచే వచ్చిండు కదా" అని ఇంటి దగ్గర అందరూ ధైర్యం చెబుతారు. నిజమే. భారత పేసర్ మహమ్మద్ సిరాజ్ 2015లో రంజీలో అడుగుపెట్టి, 2016-17 సీజన్‌లో 41 వికెట్లు తీశాడు, 2023 ఆసియా కప్ ఫైనల్‌లో 21 పరుగులకు 6 వికెట్లు పడగొట్టాడు. ఆయన పెరిగింది హైదరాబాద్ నగరంలోనే అన్న ముక్కను మాత్రం మనవాళ్లు మర్యాదగా మింగేస్తారు. అయినా కంగారెందుకు, హైదరాబాద్ రంజీ ట్రోఫీ ఆఖరుసారి గెలిచింది 1986-87లో. కొత్త బౌలర్ల అవసరం లేనంత నిబ్బరంగా ఉందన్నమాట.

సాయంత్రం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర వరంగల్ బస్సులు వరసగా వస్తాయి. స్పైక్స్ బ్యాగులో పెట్టుకుని, మామూలు చెప్పులతో ఎక్కాలి. ఫోన్ అప్పటికే మోగుతుంటుంది: "అరేయ్, ఆదివారం పరకాలల మ్యాచున్నది, రెండోవర్లు నీవే. బాల్ నువ్వే పట్టుకరా."