గీత దాటని హ్యాండిల్

పర్లాకిమిడి తెలుగువాళ్లకి గీతలంటే బొత్తిగా గౌరవం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మధ్యలో సరిహద్దు గీత పడి, ఊరు ఇటు ఒరిస్సాలో, పాతపట్నం అటు ఇప్పటి ఆంధ్రలో పడ్డాయి. అప్పట్నుంచీ గీత దాటి సంబంధాలు కలుపుకుంటున్నాం, గీత దాటి వంకాయలు తెచ్చుకుంటున్నాం. ఈ దురలవాటే సైకిలు హ్యాండిల్ ఎత్తు పెంచేచోట పళ్లు రాలగొడుతోంది.

పిల్లలు ఉద్యోగాలకి పోతూ వదిలేసిన పాత స్టీలు సైకిలు పెద్దలకి దక్కుతుంది. దాని హ్యాండిల్ సీటుకంటే కిందుంటుంది. అదెక్కిన రిటైర్డు హెడ్మాస్టరు, తన దగ్గర సున్నాలు తెచ్చుకున్నవాళ్లతో సహా, దారిపొడవునా అందరికీ వంగి దండాలు పెట్టుకుంటూ పోవాలి. మెడ పట్టేయడం, అరచేతులు తిమ్మిరెక్కడం తర్వాతి సంగతి. ముందు హోదా పోతుంది. హ్యాండిల్ సీటుకి రెండు మూడంగుళాలు పైకి వస్తే చాలు, నడుమూ పరువూ నిలుస్తాయి.

హ్యాండిల్ మెడ నడినెత్తిన ఒక బోల్టు. దాని కింద, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టం మూతి దగ్గర, పెద్ద నట్టు. సరిహద్దులోని కొటియా గ్రామాల కోసం ఆంధ్రా, ఒడిశా కలబడ్డట్టు మనవాళ్లు రెంటి మీదా పానా వేస్తారు. పెద్ద నట్టు విప్పితే హ్యాండిల్ వెంట్రుకవాసి లేవదు. లోపలి గోళీలు మాత్రం కాలవలోకి వలసపోతాయి. విప్పాల్సింది నెత్తి బోల్టు. అదీ మూడు నాలుగు చుట్లే. మొత్తం ఊడదీస్తే, గొట్టంలోకి దిగే హ్యాండిల్ కాడ అడుగున దాన్ని బిగించి పట్టే కోను గొట్టంలో పడిపోతుంది.

కాస్త పైకి లేచిన బోల్టు మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్కటివ్వాలి. కోను కిందికి జారి పట్టు వదులుతుంది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగబట్టి, హ్యాండిల్ని అటూ ఇటూ మెలిపెడుతూ లాగాలి. రాలేదా? తుప్పు. పైనుంచి సందులోనూ, సైకిల్ని తలకిందులు చేసి ఫోర్కు అడుగు రంధ్రంలోంచీ తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయండి. కొబ్బరినూనె జుట్టుకి. గొట్టం స్టీలు, కాడ అల్యూమినియం అయితే ఆ కాపురం మరీ గట్టిది, తేమ తగిలిన కొద్దీ అతుక్కుపోతారు. అక్కడ భీమబలం చూపిస్తే ఫోర్కు వంకరపోతుంది.

ఊడొచ్చిన కాడని గుడ్డతో తుడవండి. అడ్డంగా ఒక గీత, పక్కన చీమల్లాంటి అక్షరాలు. అసలు సరిహద్దు ఇదీ! ఇది గొట్టం లోపలే ఉండాలి, బయట కనబడకూడదు. గీతే లేని కాడైతే కనీసం రెండున్నర అంగుళాలు లోపల ఉంచాలి. గొట్టం పైభాగాన బయట మరలు కోసి ఉంటాయి కాబట్టి అక్కడ గోడ పల్చన. కోను ఆ మరలకి దిగువన బిగియాలి. మరీ పైకి లాగితే పల్చటి చోటే ఉబ్బి గొట్టాన్ని చీలుస్తుంది. లేదంటే కాడే విరిగి హ్యాండిల్ మీ చేతిలో మిగులుతుంది, సైకిలు దాని దారిన అది పోతుంది. కొటియా గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ గీత మీద అప్పీలు లేదు.

ఎత్తు చాలదంటే పొడుగు కాడ కొనాలి, లేదా పాలవాళ్ల సైకిళ్లకుండే వెనక్కి వంగిన హ్యాండిల్ వేసుకోవాలి. కొట్టుకి పాత కాడ పట్టుకెళ్లండి. కాడ లావు ఎక్కువ సైకిళ్లకి 22.2 మిల్లీమీటర్లు, కొన్నింటికి 21.1, కంటికి రెండూ ఒకటే. పెద్ద గొట్టంలో సన్నది దింపితే ఎంత బిగించినా ఊగుతుంది.

కడ్డీ బ్రేకులైతే హ్యాండిల్‌తో పాటు ముందు కడ్డీ కూడా పైకి లేచి, నొక్కకముందే బ్రేకు పడుతుంది. జోడు దగ్గర వదులు చేసి కడ్డీ పొడవు పెంచాలి. వైరు బ్రేకులైతే పొడుగు వైర్లు మార్చాలి. నిటారుగా కూర్చుంటే చేతుల మీది బరువు పిరుదులకి బదిలీ అవుతుంది. ఆ బదిలీకి సన్న సీటు ఒప్పుకోదు, స్ప్రింగుల వెడల్పు సీటు వేయండి.

కాడకి గ్రీజు పూసి దించి, నెత్తి బోల్టు బిగించి, చక్రాన్ని మళ్లీ మోకాళ్ల మధ్య పట్టి హ్యాండిల్ మెలిపెట్టి చూడండి. మామూలు బలానికి కదలకూడదు. ఆ చివరికీ ఈ చివరికీ తిప్పండి, వైరు ఎక్కడా లాగకూడదు. గీత లోపలే ఉందని ఇంకోసారి చూసుకుని, నిటారుగా ఎక్కి, రాష్ట్రం దాటి వెళ్లి, పాతపట్నం బావగారి గ్రీజు డబ్బా ఆయనకి ఇచ్చేసి రండి.