ముప్పావు అంగుళానికి వాస్తు లేదు

మా వీధిలో లేస్తున్న మూడంతస్తుల ఇంటికి గత నెల పెద్ద గండం తప్పింది. ఈశాన్యం అంగుళంన్నర తగ్గిందని సిద్ధాంతిగారు టేపు పెట్టి తేల్చారు. ప్రహరీ గోడ కూల్చి మళ్ళీ కట్టారు. ఇంజనీరు నోరు మెదపలేదు. ఈశాన్యం జోలికి పోయి బాగుపడ్డవాడెవడు?

పది రోజుల తర్వాత స్లాబు వేశారు. ఆ వైభవం గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది.

ముహూర్తం 6 గంటల 12 నిమిషాలకు. కొబ్బరికాయ కొట్టారు, ఇనుము మీద పసుపు కుంకుమ చల్లారు. యజమాని కుటుంబసమేతంగా కడ్డీల మీదే నిలబడి ఫోటో దిగారు. బావమరిదిగారు భారీ మనిషి. ఆయన నిలబడ్డ మేర కడ్డీలు కింద పరిచిన సెంట్రింగు రేకుకు సాష్టాంగపడ్డాయి, మళ్ళీ లేవలేదు. కడ్డీలు రేకుకు అంటకుండా కింద సిమెంటు బిళ్ళలు పెట్టాలి కదా అన్నాను. మేస్త్రి నన్ను జాలిగా చూసి, కంకర రాయి ఒకటి కాలితో కడ్డీ కిందికి తోశాడు. ఒక్కటే రాయి. యావత్తు స్లాబుకూ అదే ప్రతినిధి.

"ఏమీ కాదండీ, కింద ప్లాస్టింగు వస్తుంది కదా!"

కాంక్రీటును కుదిపి గట్టిగా కూర్చే వైబ్రేటరు కూడా వచ్చింది. అద్దె తీసుకుని మూల కూర్చుంది. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర నీళ్ళు పోసే కుర్రాడికి మాత్రం తీరిక లేదు. 50 కిలోల బస్తాకు ఇసుకలోని తడితో కలిపి సుమారు పాతిక లీటర్లు దాటితేనే ఎక్కువ. ఇక్కడ లీటర్ల లెక్క లేదు, కలిపిన మాలు పప్పుచారులా జారిందా లేదా అన్నదే లెక్క. అదనంగా పోసిన నీరు ఆరిపోతూ కాంక్రీటు నిండా సన్నని బొరియలు వదిలి వెళ్ళింది. వాటిలో ఎవరు కాపురం పెడతారో ఎవరూ అడగలేదు, అందరూ బిర్యానీకి వెళ్ళారు.

కాంక్రీటు పనికి భారత ప్రమాణాల సంస్థ వేసిన ఐఎస్ 456 అనే గ్రంథం ఒకటుంది, 2000లో సవరించారు. మామూలు వాతావరణంలో కడ్డీని కప్పుతూ కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని, తీరప్రాంతానికైతే 45 కావాలని అందులో ఉంది. ప్లాస్టింగు ఆ లెక్కలోకి రాదు. 20 మిల్లీమీటర్లంటే దాదాపు ముప్పావు అంగుళం. గ్రంథం సంస్కృతంలో లేదు కాబట్టి దానికి శాస్త్రమనే గౌరవం దక్కలేదు.

సిమెంటులోని క్షారం ఉన్నంతకాలం ఇనుము మీద కంటికి కనిపించని పొర నిలుస్తుంది, తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ క్షారాన్ని విరిచేస్తూ బొరియల గుండా మెల్లగా లోపలికి వస్తుంది. ఈ ముప్పావు అంగుళం సగమైతే అది కడ్డీని చేరే కాలం సగం కాదు, సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. మనవడి హయాంలో రావలసిన తుప్పు కొడుకు పెళ్ళికే హాజరవుతుంది. విశాఖ, కాకినాడల వైపు ఉప్పు గాలికి అంత ఓపిక కూడా లేదు. క్షారం ఉండగానే ఆ పొరను తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుముకు అసలు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు కావాలి. చోటు ఇవ్వని కాంక్రీటు చీలి, పెచ్చులై ఊడుతుంది.

స్లాబు మీద మడులు కట్టి కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు పది రోజులు నీళ్ళు నిలపాలి. మూడో రోజుకే మడులు ఎండి నెర్రెలిచ్చాయి. ఈశాన్యంలో శాస్త్రోక్తంగా వేసిన బోరు నీళ్ళతో యజమాని కారు మాత్రం రోజూ స్నానం చేసింది.

ఆయన ఇల్లు, ఆయన నెత్తి. ఇంతవరకూ నాకు నవ్వే.

కానీ ఇదే పద్ధతి, ఇదే కంకర రాయి టెండరు వేసుకుని సర్కారు బడికి, సంక్షేమ హాస్టలుకు వెళుతుంది. అక్కడ కప్పు కింద కూర్చునే పిల్లలు మేస్త్రిని ఎంచుకోలేదు, ముహూర్తమూ పెట్టుకోలేదు. రోజుకూలి కుర్రాడిని తిట్టి లాభం లేదు. నీళ్ళు ఎన్ని పోయాలో అతనికి చెప్పవలసిన ఇంజనీరు జీతం తీసుకుంటున్నాడు. పని కొలతలు రాసే ఎం బుక్కులో సంతకం చేసిన ఆ పెద్దమనిషి కాంక్రీటు పోయకముందు కడ్డీ కింద వేలు పెట్టి చూశాడా? పోయిన తర్వాతైనా సరే, పగలగొట్టకుండానే కడ్డీ ఎంత లోతులో ఉందో చెప్పే కవర్ మీటరు ఉంది. బిల్లు ఇచ్చేముందు దాన్ని ఎన్ని తరగతి గదుల్లో పెట్టి చూశారు? టీ ఖరీదు కూడా చేయని సిమెంటు బిళ్ళను మిగుల్చుకున్నవాడు దొంగ. చూసి సంతకం పెట్టినవాడు పెద్ద దొంగ.

పెచ్చులూడితే మరమ్మతుకు నిధులొస్తాయి. తుప్పు గీకరు, కడ్డీ వెనక చెడిన కాంక్రీటు తీయరు. దాని మీదే సిమెంటు మెత్తి సున్నం కొడతారు. ఆ మెత్తింది కూడా రాలి ఓ పిల్లవాడి తల పగిలితే "భవనం శిథిలావస్థలో ఉంది" అని నివేదిక రాస్తారు. పట్టుమని పాతికేళ్ళు నిండని భవనానికి శిథిలావస్థ ఏమిటి? ఆ నివేదిక కింద కూడా సంతకం ఆ ఇంజనీరు కార్యాలయానిదే.