ఇంటి పన్ను గారికి, పైసా బాకీ లేని ఒక ఇంటాయన ఉత్తరం

గౌరవనీయులైన ఇంటి పన్ను గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీరు కుశలమేనని నాకు తెలుసులెండి, అక్టోబరు మొదట్లోనే రెండో అరసంవత్సరం కట్టేశా కదా, నెలాఖరు లోపు కడితే 5 శాతం తగ్గిస్తామంటే ఆశపడి. మా కుశలం సంగతే తేలాలి. ఈ చెన్నై శివారులో మా సందు చివర వానకాలవ తవ్వి వదిలేశారు, దీపావళికల్లా పలకలు కప్పేస్తాం సార్ అన్నారు, దీపావళి వచ్చి వెళ్ళిపోయింది, ఈశాన్య రుతుపవనాలు మాత్రం చెప్పిన టైముకి వచ్చేశాయి. ఇప్పుడు కాలవ ఎక్కడో రోడ్డు ఎక్కడో తెలీక పక్కింటి తాతగారు గొడుగు మొనతో పొడుచుకుంటూ పాలకి వెళ్తున్నారు.

నిన్న సెలవు పెట్టి ఆఫీసుకి వెళ్ళా. ఏ ఆఫీసని అడక్కండి, మీకు తెలిసిందే. ఈ సీటు కాదు ఆ సీటు, ఆ సీటాయన భోజనానికి వెళ్ళాడు, భోజనం నుంచి ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళాడు, మధ్యాహ్నం మొత్తం అలా కరిగిపోయాక ఒకాయన (మంచాయనే పాపం, కుర్చీ కూడా చూపించాడు) "ఫండ్ ఇన్నుం వరల సార్" అన్నాడు. ఫండ్ ఇంకా రాలేదంట. ఎక్కడ్నుంచి రావాలండీ అంటే చెయ్యి పైకి చూపించాడు. పైన ఫ్యాన్ ఉంది, అదీ తిరగట్లేదు. సరేనని లేచి వస్తుంటే వెనక నుంచి "సెకండ్ హాఫ్ కట్టిట్టీంగళా సార్?" (రెండో అరసంవత్సరం పన్ను కట్టేశారా అని) అడిగాడు చూడండి, అప్పుడు నిర్ణయించుకున్నా మీకు ఉత్తరం రాయాలని.

వచ్చే దారిలో జీఎస్టీ రోడ్డు (పన్ను కాదు, గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు) మీద ఒక షాపులో మిక్సీ కొన్నా, ఇంట్లో పాతది కాలిపోయింది. ధర 5,000. కింద కేంద్రం వాటా సీజీఎస్టీ 450, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 450. ఒక్క మిక్సీకి 900! మీరు నా దగ్గర ఆరు నెలలకి తీసుకునే దాంట్లో ఇంచుమించు సగం. ఆ షాపు ముందు రోడ్డు ఎవరు ఊడుస్తున్నారు? మీరు. ఆ అట్టపెట్టెలు, థర్మోకోలు ఎవరు ఎత్తుకెళ్తున్నారు? మీరే. షాపుకొచ్చిన వాళ్ళ బళ్ళ బరువుకి గుంటలు పడితే తారు పొయ్యాల్సింది కూడా మీరే (పోస్తే). ఆ 900లో మీకు నేరుగా ఎంత వచ్చిందండీ? సున్నా.

సంగతేంటంటే మీరు ఊళ్ళో ఉండిపోయి అమ్మానాన్నల్ని చూసుకునే పెద్దకొడుకు లాంటివాళ్ళు. 2017 జూలై 1న పుట్టిన మీ తమ్ముడు జీఎస్టీ ఉన్నాడే, ఆయనది ఢిల్లీ ఉద్యోగం. మా వీధిలో ఇడ్లీ తిన్నా, చెప్పులు కొన్నా, ఫోన్ రీఛార్జి చేసినా ఆయన జేబులోకే. సగం ఢిల్లీకి, సగం కోటకి (మన సెక్రటేరియట్ సెయింట్ జార్జి కోటలోనే కదా). పోతూ పోతూ మీ చేతిలో ఉన్న ప్రకటనల పన్ను కూడా పట్టుకుపోయాడు. ఇప్పుడు అమ్మకి మందులు ఎవరు కొనాలి? మీరే. మీకెక్కడ్నుంచి వస్తుంది? నా దగ్గర్నుంచి. ఎందుకంటే మిక్సీ ఈ నెల వద్దనుకోవచ్చు, ఇల్లు వద్దనుకోలేం కదా.

తమ్ముడు అసలేమీ పంపడని కాదు, పంపుతాడు, షరతులు పెట్టి మరీ పంపుతాడు. కేంద్రం డబ్బు ఎవరికెంతో చెప్పే 15వ ఫైనాన్స్ కమిషన్ ఏమంది? పట్టణాలకి గ్రాంటు కావాలా, అయితే ముందు ఇంటి పన్నుకి కనీస రేట్లు ప్రకటించండి, తర్వాత రాష్ట్రం ఆర్థికం ఎంత పెరుగుతుందో వసూళ్ళు కూడా ఏటా అంత పెంచుకుంటూ పోండి అంది. అంటే నా జేబులోంచి తీసిన డబ్బు నా వీధికి తిరిగి రావాలంటే నేను ఇంకోసారి జేబు తియ్యాలన్నమాట! ఆ షరతు చూపించే కదా 2022 ఏప్రిల్‌లో తమిళనాడంతా మిమ్మల్ని పెంచింది. చెన్నై పాత హద్దుల్లో ఇంటి సైజుని బట్టి 50 నుంచి 150 శాతం. 1998 నుంచి అక్కడ రేటు కదల్లేదు, నిజమే, ఒప్పుకుంటా, కానీ 2018లో పెంచినదాన్ని 2019 నవంబరులో స్థానిక ఎన్నికల ముందు ఆపేసి, 2022 ఫిబ్రవరిలో ఎన్నికలు అయ్యాక ఏప్రిల్‌లో తీసుకొచ్చారు చూడండి, ఆ ముహూర్తం పెట్టిన పంతులు గారెవరో గానీ ఆయనకి దండం. తర్వాత 2024లో చెన్నై కార్పొరేషన్ మళ్ళీ ఇంకో 6 శాతం.

మా నాన్న రిటైరయ్యి చాలా ఏళ్ళయింది. ఇంటి విలువ పెరిగిందంటారు. పెరిగితే ఆయనకేం ఒరిగింది? ఆ గోడలు నెలనెలా ఏమన్నా జీతం ఇస్తాయా, ఇంట్లో ఉంటున్నది మేమే కదా. అమ్మితేనే కదా విలువ. షాపువాడి గల్లాపెట్టెలో అయితే రోజూ కనిపిస్తుంది, కనిపించే చోట తీసుకుని కనిపించని చోటికి పంపి, కనిపించని చోట మళ్ళీ అడగడం ఏం న్యాయమో నాకు అర్థం కావట్లేదు.

ఇంకో చోద్యం. 74వ రాజ్యాంగ సవరణ వచ్చి, 12వ షెడ్యూల్‌లో పట్టణాలు చెయ్యాల్సిన పనులు 18 రాసి పెట్టారు. రోడ్లు, నీళ్ళు, చెత్త, దీపాలు, శ్మశానాలు కూడా. ఆ పనులకి ఫలానా పన్నులు మీవే అని రాసిన జాబితా మాత్రం లేదు, అది రాష్ట్రం దయ. పనుల లిస్టు చేతికిచ్చి పర్సు ఇవ్వకుండా బజారుకి పంపినట్టు. మళ్ళీ మీ తమ్ముడికైతే 2016లో ఏకంగా 101వ రాజ్యాంగ సవరణే చేశారు, ఒక కౌన్సిల్ కూడా పెట్టారు, అందులో కేంద్రానికి కుర్చీ ఉంది, రాష్ట్రాలకి కుర్చీలున్నాయి, ఏ మేయరుకీ లేదు.

ఈ ఊళ్ళో ఈ గొడవ కొత్తదేం కాదండోయ్. 1688 సెప్టెంబరు 29న ఇక్కడ కార్పొరేషన్ పెట్టింది ఎందుకనుకున్నారు, మద్రాసు మీద ప్రేమతో కాదు. జనం తమకి తాము వేసుకున్న పన్ను అయితే సంతోషంగా ఎక్కువే కడతారు, మనం దొరతనంతో వేస్తే తక్కువకి కూడా ఏడుస్తారు అని లండన్‌లో ఈస్టిండియా కంపెనీ పెద్దలు లెక్కేశారు. ఆ మొదటి ఆల్డర్‌మెన్‌లో (కార్పొరేషన్ సభ్యుల్లో) చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న అని మనవాళ్ళు కూడా ఉన్నారు. అయినా జనం కొత్త పన్ను కట్టమని మొండికేశారు. నాకైతే ఆ జనం మీద గౌరవం పెరిగింది. అయినా కంపెనీ దొరలకి ఉన్న తెలివి కూడా ఇప్పుడు లేదు కదా, తమకి తాము వేసుకున్నది అనిపించాలంటే ఎక్కడ వేశారో అక్కడ ఖర్చు కనిపించాలి.

అలాగని అమ్మకాల పన్ను మొత్తం ఊరికే వదిలెయ్యమని నేను అనట్లేదు, అంత అమాయకుణ్ణి కాను. అలా చేస్తే షాపులతో కిక్కిరిసిన టీ నగర్‌కి బంగారు డ్రైనేజీ వస్తుంది, మా లాంటి ఇళ్ళు తప్ప షాపులు లేని శివారుకి చెంబుడు ఫినాయిల్ రాదు. మేం కొనేది అక్కడ, చెత్త పారేసేది ఇక్కడ. పైగా మీ తమ్ముడు గాలివాటం మనిషి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పడగానే దేశం మొత్తం మీద జీఎస్టీ 32 వేల కోట్లకి పడిపోయింది, అంతకు ముందు ఏడాది అదే నెల లక్షా 13 వేల కోట్లు దాటింది. ఊరు ఆయన్నే నమ్ముకుని ఉంటే ఆ నెల మా వీధిలో బ్లీచింగ్ చల్లే అమ్మకి జీతం ఎవరిచ్చేవారు? మీరు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇల్లు తలుపులేసుకుని కూర్చున్నా మీరు గడప దగ్గరే నిలబడ్డారు. అందుకే మిమ్మల్ని తిడదామని మొదలెట్టి కూడా పూర్తిగా తిట్టలేకపోతున్నా.

కానీ ఇద్దరూ కలిసి మొయ్యాల్సింది ఒక్కళ్ళ మీద పడేస్తే ఎలా? నాకు పెద్ద కోరికలేం లేవు. వచ్చే ఏప్రిల్ రసీదు వెనకాల ఒక్క లైను వేయించండి, ఈ పట్టణంలో కట్టిన జీఎస్టీ ఇంత, అందులో రాష్ట్రం చేతుల మీదుగా, ఢిల్లీ చేతుల మీదుగా తిరిగి వచ్చింది ఇంత అని. వెయ్యలేరా? వెయ్యరు. మా మిక్సీ బిల్లు మీద పైసలతో సహా లెక్క వేసే దేశానికి ఈ ఒక్క లెక్క రాదు. ఫండ్ రాలేదంట. నేను నెలనెలా ఇస్తూనే ఉన్నా కదరా బాబూ, ఇంకెవరు రావాలి?

ఇట్లు,
మీ అసెస్‌మెంట్ నంబరు తప్ప ఇంకేమీ కాని వాడు

తా.క.: తెలుగు సినిమా టికెట్టు మీద తమిళ సినిమా కంటే ఎక్కువ వినోదపు పన్ను వేసి ఈ ఊరు మా దగ్గర విడిగా కూడా వసూలు చేసుకుంది, అది ఇంకో ఉత్తరం. మీతో పాటే ఊరి ఖజానాకి వచ్చే వృత్తి పన్ను కనిపిస్తే మాత్రం నేను అడిగానని చెప్పండి. 1988లో దానికి ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగంలో గీత గీశారు, ఇప్పటికీ అదే గీత. నాకూ, నా జీతానికి పదింతలు తీసుకునే మా కంపెనీ పెద్దాయనకీ ఒకటే రేటు. ఆ గీత కాస్త జరిపితే మా వీధి కాలవ మీదకి నాలుగు పలకలైనా వస్తాయేమో, మీరే ఒకసారి అడిగి చూడండి.