బెలూను బుట్టలో వన్యప్రాణి యాజమాన్యం

2017లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం వేడిగాలి బెలూను ఎక్కి, ఆ బుట్టలో నిలబడి, కింద తిరిగే అడవిపందులనూ, నక్కను పోలిన కొయోటీలనూ తుపాకీతో కాల్చవచ్చు. హెలికాప్టర్ నుంచి కాల్చే భాగ్యం 2011 నుంచే ఉంది. భూయజమాని ఒప్పుకుంటే డబ్బు కట్టి సీటు కొనుక్కున్నవారు పందుల మీద గుళ్లు కురిపించవచ్చు. అయితే హెలికాప్టర్ రొదకు పందులు బెదిరి పారిపోతున్నాయనీ, బెలూను అయితే నెమ్మదిగా, నిలకడగా సాగుతుందనీ వాదన బయలుదేరింది. కాల్చబోయే ముందు పందుల మనశ్శాంతి గురించి ఇంతగా ఆలోచించిన శాసనసభ మరొకటి ఉన్నట్టు నాకు తెలియదు.

ఇది చట్టాన్ని అతిక్రమించడమని ఎవరూ పొరబడరాదు. అలాస్కాలో తోడేళ్లను విమానాల నుంచి తరిమి కాల్చడాన్ని టీవీలో చూసి జనం మండిపడ్డ తరువాత, గోల్డెన్ ఈగిల్ జాతి గద్దలను హెలికాప్టర్ నుంచి వందల్లో కాల్చిన వైనం సెనేట్ కమిటీ ముందు బయటపడిన తరువాత, 1971లో అమెరికా కాంగ్రెసు గగనతల వేటను నిషేధించింది. గాలిలో ఎగరడానికి పనికివచ్చే ఏ సాధనమైనా ఆ చట్టం దృష్టిలో విమానమే కనుక డ్రోనూ విమానమే, బెలూనూ విమానమే. దాని నుంచి కాల్చినా, దానితో జంతువును వేధించినా ఐదు వేల డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు. ఆ తరువాత, చట్టాలన్నిటికీ ప్రాణవాయువైన మినహాయింపు వస్తుంది: భూమినీ, నీటినీ, పశువులనూ, పంటలనూ, మనుషులనూ, చివరకు ఆ వన్యప్రాణులనే కాపాడటానికి ప్రభుత్వం పర్మిట్ ఇస్తే పై నిషేధం వర్తించదు. ఈ జాబితాలో చేరనిది ఆకాశమొక్కటే అనుకుంటాను.

పందులు పంటలను పాడుచేస్తాయన్నది నిజం, ఆ రైతు కడుపుమంటను ఎగతాళి చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ చేను పోగొట్టుకున్నవాడు కాపలా కోసం బెలూను అద్దెకు తెచ్చుకుంటాడా?

ఆ వేట ఎలా సాగుతుందో ఒకసారి శ్రద్ధగా పరిశీలిద్దాం. బెలూనుకు చుక్కాని ఉండదు. పైలట్ చేయగలిగిందల్లా పైకి లేపడం, కిందికి దించడం, ఏ ఎత్తులో ఏ గాలి దొరికితే ఆ గాలికి తనను తాను అప్పగించుకోవడం. తెల్లవారుజామున గాలి నెమ్మదించిన వేళ బుట్టలో పైలట్, తుపాకీ పట్టిన పెద్దమనిషి గంభీరంగా ఎగురుతుంటారు. కింద ఉత్తరాన పందుల మంద కనబడుతుంది. గాలి వారిని తూర్పుకు తీసుకుపోతుంది. పెద్దమనిషి ఉత్తరానికి తిప్పమంటాడు, పైలట్ దేవుడిని చూపిస్తాడు. ఎత్తు మార్చి చూద్దామని బర్నర్ వెలిగిస్తే, నిశ్శబ్దవాహనమని శాసనసభలో కీర్తించబడిన ఆ బెలూను మంటలు కక్కుతూ గర్జిస్తుంది, పందులు తలెత్తి చూస్తాయి. ఇంతలో కంచె దాటిపోతారు. ఆ కంచె అవతలి భూయజమాని సంతకం పర్మిట్ కాగితాల్లో లేదు కనుక, ఇప్పటిదాకా పర్యావరణానికి మహమ్మారిగా ఉన్న పంది ఆ క్షణం నుంచి చట్టం చేత రక్షింపబడిన పౌరురాలు అవుతుంది. పెద్దమనిషి తుపాకీ దించి, వ్యవసాయానికి తాను చేసిన సేవను తలుచుకుంటూ, ఎక్కడ దిగుతాడో తెలియని ప్రయాణాన్ని కొనసాగిస్తాడు.

అలాస్కాలో నియమాలు ఇంకొంచెం ఆధ్యాత్మికంగా ఉంటాయి. అక్కడ విమానంలో తిరిగినవారు మరునాడు తెల్లవారుజామున మూడు గంటల వరకు పెద్ద జంతువులను వేటాడరాదు. పైనుంచి దుప్పినో ఎలుగునో చూసి, దిగి, వెంటనే కాల్చడం అన్యాయం కనుక. సాధారణ ప్రయాణికుల విమానంలో వచ్చినవారికి ఈ మైల లేదు. అన్యాయమైన ఆధిక్యం రాత్రి రెండు గంటల యాభై తొమ్మిది నిమిషాల దాకా మనిషిని అంటిపెట్టుకుని ఉండి, మూడు కొట్టగానే వదిలిపోతుందని కనిపెట్టిన మేధావికి నా నమస్కారం.

డ్రోన్ల విషయానికి వస్తే, వాటితో జంతువుల జాడ తీయడాన్ని అలాస్కా, కొలరాడో 2014లోనే నిషేధించాయి. మంచిదే. కానీ అంతకు ముందే, 2013లో, జంతుహక్కుల కోసం పోరాడే పెటా సంస్థ వేటగాళ్ల మీద నిఘాకు డ్రోన్లు ఎగరేస్తామనగానే, వేటగాళ్లకూ చేపలు పట్టేవారికీ డ్రోన్లతో ఆటంకం కలిగించరాదని ఇల్లినాయ్ చట్టం చేసింది. 2015లో మిషిగన్ వేటకు డ్రోను వాడరాదంటూ ఒక చట్టం, వేటగాడిని డ్రోనుతో వేధించరాదంటూ మరొక చట్టం చేసి ఇద్దరికీ సమానంగా న్యాయం చేసింది. ఒక పక్షం చేతిలో తుపాకీ ఉందన్న చిన్న తేడాను పట్టించుకోనవసరం లేదు.

ఇక్కడిదాకా నవ్వవచ్చు. విమానం సాయంతో తోడేళ్లను వేటాడవద్దని అలాస్కా ఓటర్లు 1996లో ఒకసారి, 2000లో మరొకసారి తేల్చి చెప్పారు. 2003లో శాసనసభ ఆ తీర్పును పక్కకు తోసి, వన్యప్రాణుల యాజమాన్యం పేరుతో పర్మిట్లకు దారి తెరిచింది. మంచులో తోడేలు పరుగెత్తి పరుగెత్తి, అలసి, కాళ్లు తడబడి నిలిచిపోయినప్పుడు పైనుంచి కాల్చడాన్ని ఏ పర్మిట్ ఎంత గొప్పగా వర్ణించినా అది పిరికితనమే. 2023 వసంతంలో అలాస్కాలోని ముల్చాట్నా కరిబూ (రెయిన్‌డీర్ జాతి జింకల) మందను పెంచుతామంటూ ప్రభుత్వ సిబ్బందే హెలికాప్టర్ల నుంచి 94 గోధుమ ఎలుగుబంట్లనూ, 5 నల్ల ఎలుగుబంట్లనూ, 5 తోడేళ్లనూ చంపారు. చచ్చిన ఎలుగుల్లో పిల్లలు ఉన్నాయి. డ్రోను ఎగరేసి దుప్పి జాడ చూసిన సామాన్యుడు నేరస్థుడు. హెలికాప్టర్ నుంచి తల్లినీ పిల్లనూ కాల్చినవాడికి జీతం, భత్యం, ఇంధనం ఖజానా నుంచే. ఒకప్పుడు రెండు లక్షలున్న ఆ మంద పదమూడు వేలకు దిగజారడంలో మేత కొరతకూ, బ్రూసెల్లోసిస్ వ్యాధికీ వాటా ఉందని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. కానీ బ్రూసెల్లోసిస్ క్రిమి హెలికాప్టర్ నుంచి కనబడదు, ఎలుగుబంటి కనబడుతుంది.